నెల్లూరు ఎండ వేరు, కలువాయి ఎండ వేరు



ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. పొద్దున చల్లగా ఉండగానే మీ చిన్నారి బస్సెక్కి బడికి వస్తోంది కాబట్టి రావడంలో ఇబ్బంది లేదు. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే ఉంది. ఒంటిపూట బడి ముగిసేది మధ్యాహ్నం 12.30కి. అక్కడి నుంచి ఊరూరా ఆగుతూ వెళ్లే బస్సు మీ పల్లె మలుపు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. అంటే సూర్యుడు నడినెత్తిన ఉండే వేళకే పిల్లలు ఆరుబయట ఉంటున్నారు.

ఆ వేళకు ఎండ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మనలో చాలామందిమి ఫోన్ చూస్తాం. ‘నెల్లూరు 37 డిగ్రీలు’ అని కనిపిస్తే ఫర్వాలేదులే అనుకుంటాం. ఆ అంకె తప్పు కాదు. కానీ అది మన అంకె కాదు. కలువాయి, చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎండ తీరు వేరు. రాబోయే రోజుల్లో ఆ తీరు ఎలా మారుతుంది, వాతావరణ హెచ్చరికను ఎలా చదవాలి, దాన్నిబట్టి పిల్లల రోజును ఎలా సర్దుకోవాలి అన్నది ఈ నెల వ్యాసం.

మన వైపు ఎండ ఎందుకు వేరు?

నెల్లూరు నగరం సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంది. పగలు నేల వేడెక్కగానే సముద్రం మీద నుంచి చల్లగాలి లోపలికి వీస్తుంది. చాలా రోజుల్లో మధ్యాహ్నానికే ఆ గాలి నగరాన్ని తాకి పాదరసాన్ని పెరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. కలువాయి సముద్రానికి 70 కిలోమీటర్ల పైనే ఉంది. అంత దూరం వచ్చేసరికి గాలిలోని చల్లదనం దారిలోనే అయిపోతుంది. కొన్ని రోజుల్లో సాయంత్రానికి కాస్త అందుతుంది, కొన్ని రోజుల్లో అసలు అందదు.

రెండో కారణం పడమటి వైపున్న వెలిగొండలు. ఉదయగిరి కొండే మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. వేసవి ముదిరేకొద్దీ మనకు పడమటి గాలి ఎక్కువవుతుంది. అది రాయలసీమ మీదుగా వేడెక్కి, కొండలు దాటి మన వైపు దిగుతుంది. పొడిగాలి కిందికి దిగే ప్రతి 100 మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. అందుకే మే నెలలో పడమటి నుంచి వీచే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు ముఖానికి కొడుతుంది. మనం వడగాలి అనేది దీన్నే.

మూడో కారణం నేల. పచ్చని పైరు, తడినేల ఉన్నచోట ఎండలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కోతలైపోయిన పొలాలు, రాతి గుట్టలు, ఎండిన చెరువులు ఉన్నచోట ఆ ఎండంతా నేలనూ గాలినీ వేడెక్కించడానికే పోతుంది.

రాబోయే రోజులు: మూడు దశలు

నెలకోసారి వచ్చే పత్రికలో ‘ఫలానా తేదీన ఇన్ని డిగ్రీలు’ అని చెప్పడం కుదరదు. కానీ మన వైపు వేసవి నడిచే దారి ఏటా ఇంచుమించు ఒకటే. దాన్ని మూడు దశలుగా చూడవచ్చు.

మొదటి దశ ఏప్రిల్ మూడో వారం వరకు. కార్తెల లెక్కలో రేవతి, అశ్విని. పగలు ఎండ చురుక్కుమంటున్నా తెల్లవారుజామున ఇంకా హాయిగానే ఉంటుంది. మధ్యమధ్యలో సాయంత్రం పూట గాలివాన వచ్చి రెండు రోజులు చల్లబరుస్తుంది. ఎండ ఇంకా ముదరలేదు కదా అని ఈ దశను తేలిగ్గా తీసుకోకండి. మన శరీరం కొత్త వేడికి అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా 38 డిగ్రీలకే పిల్లలు సొమ్మసిల్లే అవకాశం ఉంది. గాలివాన వల్ల నాలుగు రోజులు చల్లగా ఉండి మళ్లీ ఒక్కసారిగా ఎండ కాసినప్పుడూ ఇంతే.

రెండో దశ ఏప్రిల్ చివరి వారం నుంచి మే మూడో వారం వరకు. భరణి, కృత్తిక కార్తెలు. సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వచ్చేది ఈ దశలోనే. పశ్చిమ మండలాల్లో పగటి ఉష్ణోగ్రత 40 దాటడం వింతేమీ కాదు. పైగా రాత్రి వేడి పెరుగుతుంది. పగలంతా కాగిన డాబా పైకప్పు అర్ధరాత్రి దాకా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. నిద్ర చాలని పిల్లవాడికి మర్నాటి ఎండ రెండింతలుగా తగులుతుంది. అందుకే సూచనలో పగటి అంకెతో పాటు రాత్రి అంకెను కూడా చూడండి.

మూడో దశ మే 25 ప్రాంతం నుంచి జూన్ మధ్య వరకు. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. పడమటి గాలి బలంగా వీచేది అప్పుడే. 2015 మే నెలాఖరులో వచ్చిన వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా చనిపోయారని అధికారిక లెక్క. వారిలో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వయసు మళ్లినవారు. ఇంట్లో పిల్లలను ఎంత జాగ్రత్తగా చూస్తామో అవ్వాతాతలను కూడా అంత జాగ్రత్తగా చూడాలని ఆ లెక్క చెబుతోంది.

ఈ మూడో దశలోనే మనకో ప్రత్యేకత ఉంది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 నాటికి కేరళను తాకుతాయి, మరికొద్ది రోజుల్లో మన మీదికీ వస్తాయి. ‘రుతుపవనాలు వచ్చేశాయి’ అని టీవీలో చెప్పగానే వేసవి అయిపోయిందని అనుకుంటాం. కోస్తా ఉత్తర జిల్లాలకు అది కొంతవరకు నిజం. నెల్లూరుకు మాత్రం ఏటా కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే కురుస్తుంది. జూన్‌లో మనకు మబ్బులు, గాలి వస్తాయి గానీ వాన తక్కువ. బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. అప్పటికి క్యాలెండర్‌లో వేసవి సెలవులు అయిపోతాయి, మన ఆకాశంలో వేసవి అయిపోదు. పైగా అప్పుడు ఉండేది ఒంటిపూట బడి కాదు, పూర్తి రోజు బడి. ఈ మాట ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.

అంకె వెనుక ఉన్న సంగతులు

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత ఎండలో కొలిచింది కాదు. నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో కొలిచిన గాలి వేడి అది. ‘40 డిగ్రీలు’ అంటే చెట్టు నీడన ఉన్న గాలి 40 డిగ్రీలు అన్నమాట. నల్లటి తారురోడ్డు, రేకుల షెడ్డు, ఎండలో నిలిపిన స్కూటీ సీటు అంతకన్నా చాలా వేడిగా ఉంటాయి. నేలకు దగ్గరగా నడిచే చిన్నపిల్లలకు ఆ సెగ పెద్దలకన్నా ఎక్కువ తగులుతుంది.

తలుపులు మూసిన కారు సంగతి ఇంకా ఘోరం. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తా’ అని కూడా పిల్లలను కారులో వదిలి వెళ్లకండి.

రెండో సంగతి గాలిలో తేమ. మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. 38 డిగ్రీల వేడికి 50 శాతం తేమ తోడైతే ఒంటికి 47, 48 డిగ్రీల్లా అనిపిస్తుంది. ఫోన్‌లో ఉష్ణోగ్రత పక్కన ‘ఫీల్స్ లైక్’ అని కనిపించేది ఇదే. తీరంలో ఉన్నవారిని బాధపెట్టే ఉక్కపోత ఇది.

మన పశ్చిమ మండలాల్లో ఎక్కువ రోజులు దీనికి తలకిందులు. గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. చొక్కా తడవదు కాబట్టి ‘పిల్లవాడికి చెమటే పట్టలేదు, బాగానే ఉన్నాడు’ అనుకుంటాం. కానీ ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. పొడి వేడిలో ఉన్న మోసం ఇదే. చెమటను చూసి కాదు, మూత్రం రంగును చూసి తెలుసుకోవాలి. లేత పసుపుగా ఉంటే నీరు చాలినట్టు. ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే నీరు చాలనట్టు.

హెచ్చరికను ఎలా చదవాలి?

మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, ఆ రోజుల్లో మామూలుగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే భారత వాతావరణ శాఖ దాన్ని వడగాల్పు అంటుంది. తేడా 6.4 డిగ్రీలు మించితే తీవ్ర వడగాల్పు. తేడాతో పని లేకుండా 45 డిగ్రీలకు చేరితే వడగాల్పు, 47కు చేరితే తీవ్ర వడగాల్పు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మే చివర్లో మామూలు ఉష్ణోగ్రతే ఎక్కువ కాబట్టి 42 డిగ్రీలున్నా వడగాల్పు లెక్కలోకి రాకపోవచ్చు. హెచ్చరిక లేదంటే ఎండ లేదని కాదు.

హెచ్చరికలకు నాలుగు రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే ప్రత్యేక జాగ్రత్త అక్కర్లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి.

మనకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాలవారీ జాబితా. మర్నాడు ఏయే మండలాల్లో వడగాల్పులు, ఏయే మండలాల్లో తీవ్ర వడగాల్పులు ఉంటాయో అందులో పేర్లతో సహా చెబుతారు. నెల్లూరు అంకెను వదిలేసి, ఆ జాబితాలో మీ మండలం పేరుందో లేదో చూడండి. సందేహముంటే ఆ సంస్థ నంబర్లు 112, 1070, 1800 425 0101కు ఫోన్ చేయవచ్చు.

ఎన్ని రోజుల ముందు సూచనను నమ్మాలి? రేపు, ఎల్లుండి సంగతిని ధైర్యంగా నమ్మి పనులు సర్దుకోవచ్చు. ఐదు రోజుల దాకా ఉన్నదాన్ని ప్రయాణాలు, పెళ్లిళ్లు అనుకోవడానికి వాడుకోవచ్చు. అంతకు మించి ఫోన్‌లో పది, పదిహేను రోజులకు కనిపించే అంకెలు ఎండ పెరుగుతుందా తగ్గుతుందా అన్న దిక్కు చెబుతాయే గానీ తేదీకి కట్టుబడవు.

పిల్లల రోజును సర్దుకోవడం

పొద్దున ఖాళీ కడుపుతో పంపకండి. రాగిజావ, మజ్జిగన్నం, ఇడ్లీ, ఏదైనా సరే తినిపించి ఒక గ్లాసు నీళ్లు తాగించి బస్సెక్కించండి.

మన రాష్ట్రంలో వేసవిలో బడుల్లో వాటర్ బెల్ మోగిస్తున్నారు. బెల్ మోగినా కొందరు పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందన్న మొహమాటంతో నీళ్లు తాగరు. ఈ సంగతి వాళ్లు టీచర్‌కు చెప్పరు, మీకూ చెప్పరు. ఇంటికొచ్చాక సీసా చూడండి. నిండుగా తిరిగొస్తే తిట్టకుండా కారణం అడగండి. బాత్రూమ్ గురించి ఇబ్బంది ఉంటే క్లాస్ టీచర్‌కు తప్పకుండా చెప్పండి. అది చిన్న విషయం కాదు.

ఒంటిగంటకు సూర్యుడు పైనే ఉంటాడు కాబట్టి బస్సులో కిటికీ పక్క సీటుకన్నా పైకప్పు వేడి ఎక్కువ బాధిస్తుంది. బస్సెక్కే ముందు సీసా నింపుకోమని చెప్పండి. బస్సు దిగే చోటికి ఐదు నిమిషాలు ముందే వెళ్లి, గొడుగో తడి తువ్వాలో తీసుకుని నీడన నిలబడండి. బండి మీద తీసుకెళ్తుంటే తలా చెవులూ నూలు గుడ్డతో కప్పండి. వేడిగాలి తగులుతున్నకొద్దీ ఒంట్లో నీరు ఇంకా వేగంగా పోతుంది.

ఇంటికొచ్చిన వెంటనే ఫ్రిజ్ నీళ్లు గటగటా తాగించే బదులు కుండనీళ్లో ఉప్పు వేసిన పలుచని మజ్జిగో కొంచెం కొంచెంగా ఇవ్వండి. మన తోటల నిమ్మకాయలతో చేసిన ఉప్పు, పంచదార నీళ్లు, తాటి ముంజలు, పుచ్చకాయ, దోసకాయ అన్నీ మంచివే. కూల్‌డ్రింకులు దాహం తీర్చినట్టు అనిపిస్తాయి గానీ వాటిలో ఉండేది ఎక్కువగా చక్కెరే. ఆటలు సాయంత్రం ఐదు దాటాకే.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ఒక మాట. పోయిన ఉప్పునూ నీటినీ ఒంటికి తిరిగి ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత చెప్పింది. లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, మరికొన్ని లవణాలు. చాలాకాలం ఈ కొలతతో సంబంధం లేని తీపి పానీయాలు కూడా పేరులో ‘ఓఆర్‌ఎస్’ పెట్టుకుని అమ్ముడయ్యాయి. దీనిపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొట్లాన్నే అడగండి. లీటరు పొట్లాన్ని లీటరు నీటిలోనే కలపండి, 24 గంటల్లో వాడేయండి. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

అలసటా, వడదెబ్బా?

తలనొప్పి, వికారం, కాళ్లు లాగడం, నీరసం కనిపిస్తే అది వేడి వల్ల వచ్చిన అలసట. నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా పట్టిస్తే అరగంట, గంటలో తేరుకుంటారు.

పొంతన లేని మాటలు, తూలడం, మూర్ఛ, స్పృహ తప్పడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. ఒంటి వేడి 104 ఫారెన్‌హీట్ దాటిందన్నమాట. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. వెంటనే 108కు ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోగా ఊరకే ఉండకండి. ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని పిల్లలకు నోట్లో ఏమీ పోయకూడదు. ఇది జ్వరం కాదు కాబట్టి జ్వరం మాత్ర పనిచేయదు. చల్లబరచడమే మందు.

గాలివాన, కాలువ

వేసవిలో ఎండ ఒక్కటే ప్రమాదం కాదు. ఉదయం నుంచి బాగా ఉక్కపోసి, మధ్యాహ్నానికి కొండల వైపు మబ్బులు గోడలా లేస్తే సాయంత్రం గాలివాన రావచ్చు. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ, నేల వేడి కలిసి ఆ మబ్బులను పెంచుతాయి. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు ముప్పై లెక్కపెట్టలేకపోతే పిడుగు పడే దూరంలోనే ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా పిల్లలను బయటికి పంపకండి. చింతచెట్టు కింద నిలబడటం, మామిడికాయలు రాలాయని తోటలోకి పరిగెత్తడం వద్దని ముందే చెప్పండి. పిడుగుల సమాచారానికి కేంద్ర ప్రభుత్వ ‘దామిని’ యాప్ ఉంది.

సెలవులొచ్చాక మన పిల్లకాయలకు చల్లదనం అంటే నీళ్లే. మన పక్కనే సోమశిల ఉంది, కండలేరుకు నీళ్లు మోసే కాలువ మన మండలం మీదుగానే పోతుంది. పైకి నిదానంగా కనిపించే కాలువలో లోపల వేగం ఎక్కువ. సిమెంటు వాలు నాచుపట్టి ఉంటే ఈత వచ్చినవాళ్లకూ పట్టు దొరకదు. పెన్నలో ఇసుక తీసిన గుంటలు నీళ్ల కింద కనిపించవు. పెద్దవాళ్లు తోడు లేకుండా నీళ్ల దగ్గరికి వెళ్లకూడదన్న మాట మీద ఇంట్లో అందరూ ఒకటిగా ఉండండి.

పిల్లలతో కలిసి చేయండి

ఏప్రిల్ 28, 29 తేదీల్లో మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు మన వైపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఒక సీసాను ఇంటి ముంగిట నిటారుగా నిలబెట్టి, మీరు వసారా నీడలో కూర్చుని చూడండి. సీసా నీడ పక్కకు పడకుండా దాని అడుగునే దాక్కుంటుంది. అప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగండి: సూర్యుడు నడినెత్తిన ఉన్నది ఇప్పుడైతే, గాలి వేడి ఎక్కువయ్యేది మూడు గంటలకెందుకు? ముందు నేల కాగాలి, ఆ తర్వాత నేల గాలిని కాచాలి. అన్నం గిన్నె వేడెక్కాకే కదా అన్నం ఉడికేది! ఈ సంగతి స్వయంగా కనిపెట్టిన పిల్లవాడు మధ్యాహ్నం ఆటకు బయల్దేరే ముందు తనే ఒకసారి ఆలోచిస్తాడు.

ఇక చేయాల్సింది కొంచెమే. రోజూ సాయంత్రం మర్నాటి జాబితాలో మీ మండలం పేరు చూడండి. ఇంటికొచ్చిన నీళ్ల సీసా చూడండి. సెలవులకు అమ్మమ్మగారింటికి పంపుతుంటే ఒక ఓఆర్‌ఎస్ పొట్లాన్ని, ఈ పేజీని కూడా పంపండి. జూన్ 12న మళ్లీ బస్సెక్కేటప్పుడు గొడుగు, పెద్ద సీసా సంచిలో ఉండేలా చూడండి. మీ చిన్నారికి ఫిట్స్, ఆస్తమా వంటి ఇబ్బంది ఉన్నా, రోజూ మందులు వాడుతున్నా ఈ వారంలోనే క్లాస్ టీచర్‌కు రాసి ఇవ్వండి.